గండికోట ట్రిప్పుకి ఏ గ్యాస్ స్టవ్ మంచిది? కడిగేది ఎట్లానో చూసి కొనండి

గండికోట కాడ టెంట్లేసుకుని ఒక రాత్రి ఉండేదానికి పోయే ఫ్యామిలీలు ఇప్పుడు శానా ఎక్కువైనారు. నవంబర్ వచ్చిందంటే చాలు కడప, ప్రొద్దుటూరు, అనంతపురం నుంచి శనివారం సాయంత్రానికి కార్లు జమ్మలమడుగు దాటి పైకి ఎక్కుతానే ఉంటాయి. కొత్తగా పోయేవాళ్లు మమ్మల్ని అడిగేది ఒకటే, పోర్టబుల్ గ్యాస్ స్టవ్ ఏది కొనాలి అని. మా ఇంట్లో మూడు రకాలవీ వాడినాం కాబట్టి నా మాట ముందే చెప్పేస్తా: మంట ఎంత పెద్దగా వస్తాదని చూడొద్దు, పైనుండే భాగాలన్నీ చేత్తో ఊడదీసి కడుక్కునేదానికి వీలుందా లేదా అది చూసి కొనండి.

ఎందుకంటే ఈ స్టవ్‌ల బాక్సు మీద బొమ్మల్లో ఎప్పుడూ ఒక చిన్న గిన్నెలో నీళ్లో, కాఫీనో కాగుతా ఉంటాయి, మనం చేసేది అది కాదు కదా. మనం పోయేది పిల్లలు, పెద్దోళ్లతో కలిసి ఏడెనిమిది మందిమి, సాయంత్రం రాగి సంగటి, నాటుకోడి పులుసు, పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. సంగటి ఎసరు పొంగిందంటే బియ్యం గంజి అంతా బర్నర్ మీదికే వస్తాది, దాని మీద తాలింపు నూనె చిందుతాది, ఆ రెండూ కలిసి వేడికి ఎండిపోయినాయంటే సిమెంటే. అది ఎక్కడికి కారిపోయింది, మనకి చెయ్యి అందుతాదా లేదా అనేదాన్ని బట్టే ఆ స్టవ్ రెండో సంవత్సరం పనిచేస్తాదా లేదా అని తేలేది.

మొదట చిన్న డబ్బా మీద స్క్రూ లాగా తిప్పి బిగించేది ఉంటాది, మూడు కాళ్లు మడిచిపెడితే జేబులో పడతాది. కొండలెక్కే కుర్రోళ్లకి అది బంగారం, బరువే ఉండదు, టీకి, మ్యాగీకి సరిపోతాది. ఫ్యామిలీకి వద్దు. సన్నటి డబ్బా, దాని పైన బర్నర్, దాని పైన పెద్ద తపేలా, ఎత్తు అంతా పైనే ఉంటాది, దాని మీద తెడ్డు పెట్టి సంగటి కెలికితే మొత్తం ఊగుతాది. మా అత్త ఒక్కసారి తెడ్డు తిప్పి చూసి, "ఏం నాయనా, దీన్ని పట్టుకునేదానికే ఇంకొక మనిషి కావాలే" అని పక్కన పెట్టేసింది. ఆమె చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, సంగటి కెలికేటప్పుడు ఎంత బలం పెట్టాలో మనోళ్లకి తెలుసు, పిల్లలు చుట్టూ తిరుగుతా ఉంటారు, వేడి ఎసరు ఒంటి మీద పడిందంటే ట్రిప్పు కాదు ఆసుపత్రే.

రెండోది క్యాసెట్ స్టవ్, బల్లపరుపుగా సూట్‌కేస్ లాంటి ప్లాస్టిక్ పెట్టెలో వస్తాది, పక్కన ఒక అరలో పొడుగాటి బ్యూటేన్ గ్యాస్ డబ్బా అడ్డంగా పెట్టి లివర్ నొక్కాలి. నలుగురి నుంచి ఏడెనిమిది మంది దాకా ఉండే ఫ్యామిలీకి నేను చెప్పేది ఇదే. ఎత్తు తక్కువ, అడుగు వెడల్పు, కెలికినా కదలదు. డబ్బాలో 220 గ్రాముల చుట్టుపక్కల గ్యాస్ ఉంటాది, ఫుల్ మంట మీద ఈ స్టవ్‌లు గంటకి 150 నుంచి 200 గ్రాముల దాకా తాగుతాయి, అంటే ఒక డబ్బా గంట పైన, గంటన్నర లోపల. రాత్రి వంట, పొద్దున టిఫిను, మధ్యలో టీలు అనుకుంటే మూడు డబ్బాలు పెట్టుకోండి, రెండు సరిపోతాయని పోతే పులుసు సగంలో ఉండగా ఆగిపోతాది, ఆడ కోట కాడ ఈ డబ్బాలు దొరుకుతాయని అనుకోవద్దు.

దీంట్లో రొంత జాగ్రత్తగా చూడాల్సింది డబ్బా పెట్టే తీరు. డబ్బా మూతి కాడ అంచుకి ఒక చిన్న గంటు ఉంటాది, అది పైకి ఉండేటట్టు పెట్టాలి. లోపలుండే వంపు గొట్టం అప్పుడే పైనుండే గ్యాస్‌ని లాగుతాది, తిరగేసి పెట్టినా, స్టవ్ బాగా వాలిపోయి ఉన్నా గ్యాస్ బదులు ద్రవమే బర్నర్‌లోకి వచ్చి పసుప్పచ్చ మంట భగ్గుమని లేస్తాది. గండికోట అంతా బండలు, సమంగా ఉండే చోటు దొరికేది కష్టం. అందుకే మేము డిక్కీలో ఒక నాపరాయి ముక్క ఏసుకుని పోతాం, మన జిల్లాలో దానికి కొదవా ఏమన్నా, కింద నాలుగు చిన్న రాళ్లు సర్దితే సమంగా నిలబడతాది, ఎండుగడ్డి అంటుకునే భయం కూడా ఉండదు. పైన పెట్టే గిన్నె మరీ వెడల్పుగా ఉండి డబ్బా అర మీదికి వస్తే ఆ వేడి డబ్బాకి తగులుతాది, పెద్ద మూకుడు, రొట్టెల పెనం దీని మీద వద్దు. మంచి స్టవ్ అయితే డబ్బాలో ప్రెషర్ పెరిగితే దానంతట అదే డబ్బాని వదిలేసి మంట ఆపేస్తాది, ఆ సేఫ్టీ ఉందని బాక్సు మీద రాసి ఉంటేనే తీసుకోండి, నూరు రూపాయలు ఎక్కువైనా సరే.

అంగట్లో చూసేటప్పుడు వెలిగించి చూపించన్నా అని అడుగుతారు అందరూ, అది కాదు, ఊడదీసి చూపించన్నా అని అడగండి. గిన్నె నిలబడే కడ్డీల స్టాండు, దాని కింద పొంగింది పట్టే ట్రే, బర్నర్ మీది మూత, ఈ మూడూ స్క్రూడ్రైవర్ లేకుండా రావాలి. కొన్నిట్లో పైభాగం అంతా ఒకే రేకుగా బిగించేసి ఉంటాది, చూసేదానికి నున్నగా, అద్దంలా మెరుస్తాది. మా ఇంట్లోకి వచ్చిన మొదటిది అట్లాంటిదే, కంపెనీ పేరు వద్దులే. పొంగిన గంజి బర్నర్ చుట్టూ ఉండే సందులోంచి లోపలికి పోయింది, బయటికి ఒక చుక్క కనపడదు, తర్వాత నెల తీస్తే లోపల తుప్పు, వాసన, స్పార్క్ రాదు. రిపేరు అంగడి ఆయన కూడా రివెట్లు పగలగొట్టాలి అన్నాడు. ఇప్పుడుండేదానికి ట్రే లోతుగా ఉంటాది, మొత్తం ఎత్తి పక్కన పెట్టి కడుక్కోవచ్చు, అందుకే ఇన్నాళ్లయినా నీలి మంటే వస్తాంది. ఇత్తడి బర్నర్ మూత ఉంటే ఇంకా మంచిది, బరువుగా ఉంటాది, తోమితే ఏం కాదు.

గాలి సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే పెన్నా లోయ అంచున సాయంత్రం గాలి మొదలైతే మామూలు బర్నర్ మీద నీళ్లు కాగనే కాగవు. బర్నర్ చుట్టూ గాలి అడ్డం ఉండే మోడల్ తీసుకోండి. రేకుల అడ్డం విడిగా పెట్టుకుంటే గాలి వచ్చే పక్క, మహా అంటే రెండు పక్కల, అంతే. చుట్టూ మూసేస్తే గ్యాస్ డబ్బా కూడా ఆ వేడిలోనే ఉండిపోతాది, అది శానా ప్రమాదం. గాలి ఎక్కువుందని టెంటు లోపల పెట్టుకుని వెలిగించేవాళ్లని చూసినాను, దయచేసి అది చెయ్యొద్దు. మూసిన చోట గ్యాస్ కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తాది, దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, తెలిసే లోపలే మనిషి సోలిపోతాడు. పైగా బ్యూటేన్ గాలి కంటే రెండింతలు బరువు, లీకైతే పైకి పోకుండా కిందనే, పిల్లలు పడుకునే చాప ఎత్తులోనే నిలబడతాది.

ఎనిమిది మంది దాటినారంటే మూడో రకమే, 5 కేజీల సిలిండరు, స్టీలు స్టవ్. ఇండేన్ వాళ్లు ఛోటూ అంటారు, హెచ్‌పీ వాళ్లు అప్పు, భారత్‌గ్యాస్ వాళ్లు మినీ, ఐడీ ప్రూఫ్ చూపిస్తే ఏజెన్సీల్లో, కొన్ని పెట్రోల్ బంకుల్లో ఇస్తారు. లెక్క చూడండి, ఒక్క సిలిండర్లో ఉండే గ్యాస్ ఇరవైకి పైగా క్యాసెట్ డబ్బాలకి సమానం, పెద్ద గుంపుకి ఖర్చు శానా కలిసొస్తాది. రెగ్యులేటరు అక్కడే తీసుకోండి, సురక్ష ట్యూబే వాడండి, ఐదేళ్లకి మార్చండి, స్టవ్ మీద ఐఎస్ఐ మార్కు చూడండి. సందుల్లో అమ్మే రెండు మూడు కేజీల ముద్ర లేని సిలిండర్లు, ఇంటి సిలిండర్ నుంచి నింపిచ్చేవి, వాటి జోలికి పోవద్దు. అట్లా నింపేది చట్టప్రకారం తప్పు, ఆ సిలిండరుకి టెస్టు చేసినోడు ఎవడూ ఉండడు, అది పిల్లల పక్కన కూర్చోబెట్టుకుని ఎండలో కార్లో పోయేది తలుచుకుంటేనే నాకు గుండె దడ.

ఇంక కడిగేది. ట్రిప్పు కాడ నీళ్లు తక్కువ కాబట్టి ఆడ చేసేది ఒకటే, ఆర్పి, డబ్బా ఊడదీసి పక్కన పెట్టి, స్టవ్ చల్లారినాక నూనె, గంజి పచ్చిగా ఉండగానే పాత న్యూస్‌పేపర్‌తో తుడిచేయడం. ఆ పేపర్ కవర్లో ఏసుకుని ఇంటికి తెచ్చుకోండి, సబ్బు నీళ్లు పెన్నాలోకి, లోయలోకి వదలొద్దు. ఆడ ఐదు నిమిషాలు తుడిస్తే ఇంటి కాడ గంట పని తప్పుతాది, ఇది మా ఇంట్లో పిల్లోళ్ల డ్యూటీ, వాళ్లు ఇష్టంగా చేస్తారు.

ఇంటికొచ్చినాక స్టాండు, ట్రే గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు వేసి అర్ధగంట నానబెట్టండి, రాగి సంగటి ఎంత ఎండినా నానితే దానంతట అదే వదులుతాది, స్టీలు పీచు అవసరం లేదు. స్టీలు పీచు వాడితే ఎనామిల్ గీరిపోయి ఆ గీతలోంచే తుప్పు మొదలైతాది, తెగిన పీచు ముక్కలు బర్నర్ రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. బర్నర్ మూతని బోర్లించి పట్టుకుని పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, దుమ్ము లోపలికి కాకుండా కిందికి రాలాలి. మూసుకుపోయిన రంధ్రాలకి సన్న పిన్ను చాలు. ఇత్తడి అయితే చింతపండు, ఉప్పు పెట్టి తోమితే మన చెంబు తళతళలాడినట్టే వస్తాది. అల్యూమినియం బర్నర్‌కి మాత్రం వంటసోడా పెట్టొద్దు, నల్లబడిపోతాది, చింతపండులో రాత్రంతా నానబెట్టేది కూడా వద్దు, సబ్బు నీళ్లే చాలు.

గ్యాస్ బయటికొచ్చే నాజిల్ ఉంటాది చూడండి, ఇత్తడిది, మధ్యలో వెంట్రుకంత రంధ్రం. దాన్ని సూదితో పొడవొద్దు. ఆ రంధ్రం కొలతను బట్టే గ్యాస్‌కి గాలి సరిగ్గా కలిసేది, రొంత పెద్దదైనా మంట పసుప్పచ్చగా మారి గిన్నె అడుగున మసి పడతాది. ఊది చూడండి, పోకపోతే రిపేరు అంగడికి ఇవ్వండి. అట్లనే స్టవ్ మొత్తాన్ని నీళ్లలో ముంచడం, పైపు కింద పెట్టడం చెయ్యొద్దు, డబ్బా అర, నాబ్, స్పార్క్ వైపు తడి గుడ్డతో తుడిస్తే చాలు. స్పార్క్ వచ్చే కొన తడిస్తే టిక్ టిక్ అంటాది గానీ అంటుకోదు, ఆరితే మామూలైతాది.

మంట నీలంగా ఉండాల్సింది పసుప్పచ్చగా వస్తా ఉంటే, రెండు పక్కల ఎత్తు తేడాగా ఉంటే, మూడొంతులు అడ్డం ఉండేది లోపలే. ఎండాకాలం, వానాకాలం మొత్తం స్టవ్ అటక మీద పడి ఉంటాది కదా, గాలి, గ్యాస్ కలిసే గొట్టంలో సాలెపురుగు గూడు పెట్టేస్తాది, మన ఎర్ర దుమ్ము దానికి అంటుకుంటాది. సీజన్ మొదట్లో బయలుదేరే ముందు రోజే తీసి, ఆ గొట్టంలోకి సన్న బ్రష్ పోనిచ్చి, పెరట్లో వెలిగించి చూసుకోండి. డబ్బా తగిలే చోట ఉండే రబ్బరు రింగు కూడా అప్పుడే చూడండి, గట్టిపడినా చీలినా కంపెనీది తెప్పించి మార్చండి, వేరేది దొరికిందని సర్దొద్దు. డబ్బా బిగించినాక సబ్బు నురగ పూయండి, బుడగలొస్తే లీకు ఉన్నట్టే. అగ్గిపుల్లతో చూసేవాళ్లు ఇంకా ఉన్నారు, అది మానుకోవాలి.

మంట కాసేపటికి తగ్గిపోతే ప్రతిసారీ చెత్త వల్లే అనుకోవద్దు. గ్యాస్ ఆవిరయ్యే కొద్దీ డబ్బా చల్లబడతాది, ముట్టుకుంటే తెలుస్తాది, ప్రెషర్ పడిపోతాది. మన చలికి ఏం కాదు గానీ లంబసింగి లాంటి చోటికి పోతే బ్యూటేన్ మొరాయిస్తాది, సున్నా డిగ్రీల కాడికి వస్తే అది ఆవిరే కాదు, ఆడికి ప్రొపేన్ కలిసిన డబ్బాలు కావాలి. మన సమస్య ఎండ. డబ్బా మీద 50 డిగ్రీలు దాటొద్దని రాసి ఉంటాది, కడప మేలో ఎండలో నిలబెట్టిన కారు లోపల అంతకంటే ఎక్కువే కాలుతాది, కాబట్టి డబ్బాలు కార్లో మరిచిపోవద్దు. ఎండాకాలం లంకమల వైపు, నల్లమల వైపు అడవిలో స్టవ్ అసలు తీయొద్దు, అభయారణ్యంలో నిప్పు పెట్టేది నేరం, పైగా లంకమల పొదలంటే 1986లో మళ్లీ కనపడిన కలివికోడి అనే అరుదైన పక్షి ఉండే చోటు, ఒక్క నిప్పురవ్వ చాలు.

రైల్లో గ్యాస్ తీసుకుపోనివ్వరు, చిన్న డబ్బా అయినా సరే, స్టవ్ ఒక్కటే పెట్టుకుని డబ్బాలు ఆడికి పోయి కొనుక్కోవాలి. అయిపోయిన డబ్బాలు మంటలో ఏయొద్దు, ఊపితే చప్పుడు రాకుండా పూర్తిగా ఖాళీ అయ్యేదాకా బయట వెలిగించి, ఇంటికి తెచ్చి పాత ఇనుము కొనేవాళ్లకి ఏముండేదో చెప్పి ఇవ్వండి.