లినక్స్ మింట్ 22 సినమన్: ఏడాదికి పైగా వాడాక

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 8వ తరానికి ముందువచ్చిన ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు ఏదీ విండోస్ 11 మద్దతిచ్చే జాబితాలో లేదు. అలాంటి కంప్యూటర్లలో విండోస్‌కి బదులు వేసుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్, దాని డెస్క్‌టాప్ రూపాల్లో ఒకటి సినమన్. ఈ సమీక్ష అలాంటి మెషీన్ మీదిదే: 6వ తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ. మింట్ కంటే ముందు ఇందులోనే ఉబుంటు 24.04, జోరిన్ అనే వేరే లినక్స్‌లు కూడా నడిపి చూశాను.

ఉబుంటు బాగానే ఉంటుంది కానీ స్టార్ట్ మెనూకి అలవాటుపడ్డ చేయి ఎడమవైపు డాక్ దగ్గర తడబడుతూనే ఉంటుంది. జోరిన్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. విండోస్ ఈఎక్స్‌ఈ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే దానికి బదులు ఏ ప్రోగ్రామ్ వాడొచ్చో చెప్పడం నిజంగా మంచి ఆలోచన. అయినా ఇంట్లో పెద్దవాళ్ల కంప్యూటర్‌లో వేయమంటే మింటే వేస్తాను. కింద ప్యానెల్, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం ఏళ్ల తరబడి అక్కడే ఉన్నాయి. 22 నుంచి 22.1కి వెళ్లడం కూడా అప్‌డేట్ మేనేజర్‌లో ఎడిట్ మెనూ నుంచే అయిపోతుంది. ఏమీ తెరవకుండా ఉంటే ర్యామ్ ఒక జీబీ చుట్టుపక్కల వాడుతుంది. 4 జీబీయే ఉంటే సినమన్ వద్దు, ఇంకా తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి.

ఇన్‌స్టాల్‌లో తేడా కొట్టేది మింట్ కంటే ఎక్కువగా విండోస్ వదిలిపెట్టిన సెట్టింగులు. విండోస్, మింట్ రెండూ ఉంచుకునేవాళ్లు ముందుగా విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయాలి. లేకపోతే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, దాని డ్రైవ్ మింట్‌లో తెరుచుకోదు, తెరుచుకున్నా రాయనివ్వదు. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. బయోస్‌లో (కంప్యూటర్ లేవకముందు తెరుచుకునే సెట్టింగుల్లో) చిన్న మార్పు చేసినా ఆ కీ అడగొచ్చు. ఇన్‌స్టాలర్‌కి అసలు డిస్కే కనబడకపోతే బయోస్‌లో స్టోరేజ్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఆర్‌ఎస్‌టీ మోడ్‌లో ఉందేమో చూసి, ఏహెచ్‌సీఐకి మార్చాలి. మార్చేముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టకపోతే అది నీలం తెర చూపించి ఆగిపోతుంది.

సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని డ్రైవర్లను ఆపే రక్షణ) ఆన్‌లో ఉండి, ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డో బ్రాడ్‌కామ్ వైఫైయో ఉంటే ఇన్‌స్టాలర్ ఒక పాస్‌వర్డ్ పెట్టమనొచ్చు. రీస్టార్ట్ అయ్యాక వచ్చే నీలం తెరలో ఎన్‌రోల్ ఎంఓకే (ఆ డ్రైవర్ల సంతకాన్ని ఒప్పుకోమనడం) ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. అక్కడ పది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కకపోతే అది దాటి వెళ్లిపోతుంది, డ్రైవర్ లోడవదు. 'వైఫై రావట్లేదు' అని మనవాళ్లు చేసే ఫోన్లలో ఈ బాపతువి చాలానే ఉంటాయి.

ఇంకొకటి, మన దేశంలో ఇట్టే కనిపెట్టగలిగేది: మింట్ నుంచి విండోస్‌లోకి వెళ్తే గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి ఉంటుంది. మదర్‌బోర్డు గడియారంలో విండోస్ స్థానిక సమయం రాస్తుంది, లినక్స్ యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ సమయం) రాస్తుంది. మింట్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశంతో లోకల్ ఆర్‌టీసీ ఆన్ చేస్తే అది కూడా స్థానిక సమయమే రాస్తుంది, గొడవ తీరిపోతుంది.

మింట్‌తోనే వచ్చే టైమ్‌షిఫ్ట్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. అప్‌డేట్ చెడితే వెనక్కి తెచ్చేది అదే, కానీ అది మీ ఫొటోల బ్యాకప్ కాదు. హోమ్ ఫోల్డర్‌ని మామూలుగా అది ముట్టుకోదు. పైగా స్నాప్‌షాట్లు (అది తీసి ఉంచే సిస్టమ్ నకళ్లు) మామూలుగా సిస్టమ్ ఉన్న డిస్క్‌లోనే పేరుకుంటాయి. సిస్టమ్ పార్టిషన్‌కి 30 జీబీ ఇచ్చి, రోజువారీ ఐదు, వారానివి మూడు ఉంచమంటే ఓ రోజు డిస్క్ నిండిపోతుంది. అప్పుడు పాస్‌వర్డ్ కరెక్టుగా కొట్టినా లాగిన్ తెర మళ్లీ మళ్లీ అక్కడికే వస్తుంది. పాస్‌వర్డ్ పోయిందనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లున్నారు! అవసరం లేదు, లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్‌కి వాడిన మింట్ పెన్‌డ్రైవే) లేపి, టైమ్‌షిఫ్ట్ తెరిచి పాతవి తీసేస్తే చాలు. వారానికొకటి చొప్పున రెండు ఉంచండి. సిస్టమ్‌కి 60 జీబీ తగ్గకుండా ఇవ్వండి.

తెలుగు చదవడానికి ఏ ఇబ్బందీ లేదు. రాయడానికి ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డ్) వచ్చినవాళ్లు కీబోర్డ్ లేఅవుట్స్‌లో తెలుగు చేర్చుకుంటే సరి: కె, డి, షిఫ్ట్‌తో కామా కొడితే 'క్ష' వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో రాసేవాళ్లు ఇన్‌పుట్ మెథడ్‌లో ఐబస్ (టైపింగ్ పద్ధతులను నడిపే ప్రోగ్రామ్) ఎంచుకుని, దానికి భాషలు చేర్చే ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీ వేసి, లాగౌట్ అయి రావాలి. ఆ లాగౌట్ మరిచిపోతే జాబితాలో తెలుగు కనబడదు. లేఖిని వెబ్‌సైట్ అలవాటున్నవాళ్లకు అందులో ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి) సరిగ్గా సరిపోతుంది.

మింట్‌లో వర్డ్‌కి బదులుండే లిబ్రేఆఫీస్‌లో తెలుగుకి ఫాంట్, సైజు విడిగా ఉంటాయి. ఆప్షన్స్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ టిక్ పెడితేగానీ అవి కనబడవు. గౌతమి, నిర్మల ఫాంట్లతో వచ్చిన వర్డ్ ఫైల్‌కి ఇక్కడ వేరే ఫాంట్ పడి పేజీలు జరుగుతాయి. ప్రింటుకి వెళ్లేదైతే పీడీఎఫ్ తెప్పించుకోవడమే మేలు. అను ఫాంట్లతో చేసిన పాత డీటీపీ ఫైళ్లు యూనికోడ్ కావు, పిచ్చిగీతల్లా కనబడతాయి. డీటీపీ పని మీదే బతికేవాళ్లు విండోస్ తీసేయొద్దు.

ప్రింటర్ల విషయంలో హెచ్‌పీ నయం, దాని సాఫ్ట్‌వేర్ మింట్‌లో ముందే ఉంటుంది. లేజర్‌జెట్ 1020 లాంటివి మాత్రం అదనంగా ప్లగిన్ అడుగుతాయి, ఆ సమయంలో నెట్ ఉండాలి. ట్యాలీ ప్రైమ్ విండోస్ ప్రోగ్రామే. డిజిటల్ సంతకం టోకెన్‌తో టెండర్లు వేసేవాళ్లు ఆ టోకెన్‌కి లినక్స్ డ్రైవర్ దొరికిందాకా డిస్క్ చెరపొద్దు. మిగతావాళ్లు కూడా లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపి వైఫై, స్పీకర్, ప్రింటర్, మూత వేస్తే నిద్రపోయి మళ్లీ లేస్తోందా అన్నవి చూసుకున్నాకే ఇన్‌స్టాల్ నొక్కండి.