చీతా కోసం ఫామ్‌లో బసా, సింహం కోసం ఎటోషానా? నమీబియాలో ఏది మేలు?

చీతానో చిరుతనో దగ్గరగా చూడాలన్నది మీ కోరికైతే, నమీబియాలో నేను ముందు గెస్ట్ ఫామ్ (అతిథులకు గదులిచ్చే పశువుల ఫామ్) పేరే చెబుతాను. సింహం కావాలంటే ఎటోషా నేషనల్ పార్క్. రెండూ ఒకేలాంటి సఫారీలు అనుకుని, రేటు ఒక్కటే చూసి బుక్ చేసుకుంటే నిరాశ తప్పదు.

ఫామ్ ఎందుకంటారా? నమీబియాలో చీతాలు ఎక్కువగా బతికేది పార్కుల్లో కాదు, ప్రైవేటు పశువుల ఫామ్‌లలో. సింహాలు, హైనాలు ఉన్నచోట చీతాకు నిలకడ ఉండదు. కష్టపడి పట్టిన వేటను అవి లాక్కుంటాయి, పిల్లల్ని చంపేస్తాయి. ఫామ్‌ల యజమానులు సింహాలను, హైనాలను ఏనాడో తరిమేశారు కాబట్టి అక్కడ చీతాకు చోటు దొరికింది. కానీ దూడల్ని ఎత్తుకుపోతోందని దాన్నీ వదల్లేదు. చీతాలు కొన్ని చెట్ల దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చి తమ వాసన గుర్తులు వదులుతాయి. ఆ చెట్ల చుట్టూ బోన్లు పెట్టి పట్టేవారు. 1980లలో ఇలా వేల చీతాలు పోయాయి.

1975 నాటి చట్టం కంచె వేసిన ఫామ్‌లలోని ఓరిక్స్, కుడు (రెండూ పెద్ద జింకల్లాంటివి) లాంటి వేట జంతువులపై హక్కును యజమానికే ఇచ్చింది. అడవి జంతువు కూడా ఆదాయమే అని తేలాక, పశువులతో పాటు అతిథి గదులూ పెరిగాయి. అందుకే ఫామ్‌లో మీరు కట్టే డబ్బుకు నేను విలువ ఇస్తాను. చీతా బతికి ఉంటేనే తనకు లాభం అని రైతు అనుకోవడానికి అదొక కారణం అవుతుంది.

పేరున్న చోట్లు రెండు చెబుతాను. రాజధాని విండ్‌హుక్ నుంచి ఉత్తరంగా 220 కిలోమీటర్ల దూరంలో ఒకొంజిమా ఉంది. ఒకప్పుడు పశువుల ఫామ్, ఇప్పుడు 200 చదరపు కిలోమీటర్ల రిజర్వు. చీతా, చిరుత లాంటి జంతువుల సంరక్షణకు పనిచేసే ఆఫ్రిక్యాట్ ఫౌండేషన్ పుట్టింది ఇక్కడే. ఇక్కడ కొన్ని చిరుతల మెడకు రేడియో కాలర్ (సిగ్నల్ పంపే పట్టీ) ఉంటుంది. గైడ్ యాంటెనా పట్టుకుని సిగ్నల్ వెతుకుతూ జీపును పొదల మధ్యకు తీసుకెళ్తాడు. వేరే అడవుల్లో రోజుల తరబడి తిరిగినా కనబడని చిరుత, ఇక్కడ ఒక్క సాయంత్రంలో కనబడే అవకాశం చాలా ఎక్కువ. రిజర్వు చుట్టూ కంచె ఉంది, కాలర్ ఉంది, కాబట్టి ఇది పూర్తి అడవి కాదన్న మాట నిజమే. అయినా ఆ చిరుతలు సొంతంగా వేటాడతాయి, పిల్లల్ని పెంచుకుంటాయి. నాకు అది చాలు.

రెండోది ఓచివరోంగో ఊరికి తూర్పున 44 కిలోమీటర్ల దూరంలోని చీతా కన్సర్వేషన్ ఫండ్. 1990లో లారీ మార్కర్ మొదలుపెట్టారు. బస చేయడానికి ఏర్పాట్లున్నాయి. ఇక్కడి చీతాలు ఎన్‌క్లోజర్లలో ఉంటాయి. తల్లిని పోగొట్టుకుని, తిరిగి అడవిలో బతకలేనివే ఎక్కువ. ఉదయం పూట వ్యాయామం కోసం తాడుతో లాగే గుడ్డ వెంట వాటిని పరిగెత్తిస్తారు. చీతా వేగం ఏమిటో కళ్లారా చూడాలంటే ఇంతకంటే మంచి చోటు నాకు తెలీదు. దాని కంటే నాకు ఇష్టమైనది కుక్కల పథకం. 1994 నుంచి అనటోలియన్ షెపర్డ్ జాతి కుక్కల్ని పెంచి రైతులకు ఇస్తున్నారు. అవి మేకల మందతోనే పెరిగి, చీతా వస్తే అరిచి బెదరగొడతాయి. మంద భద్రంగా ఉంటే రైతు తుపాకీ తీయడు. 2022 సెప్టెంబర్ 17న మధ్యప్రదేశ్‌లోని మన కూనో నేషనల్ పార్కుకు వచ్చిన ఎనిమిది చీతాలను పంపడంలోనూ ఈ సంస్థే ముందుంది. పిల్లలతో వెళ్తే కూనో సంగతి వాళ్లకు అక్కడే చెప్పండి, శ్రద్ధగా వింటారు.

ఇక ఎటోషా. 22,000 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణం, మధ్యలో తెల్లటి ఉప్పు మైదానం. అద్దె కారులో మీరే తిరగొచ్చు, మనలాగే ఎడమ వైపు డ్రైవింగ్. వానల్లేని కాలంలో నీటి గుంట పక్కన ఇంజిన్ ఆపి కూర్చుంటే జీబ్రాలు, జిరాఫీలు, ఏనుగులు వాటంతట అవే వస్తాయి. వాటి వెనకే సింహాలు. ఒకాకుయో క్యాంపులో నీటి గుంటకు రాత్రంతా లైట్లు ఉంటాయి, నల్ల ఖడ్గమృగాలు కూడా వస్తాయి. క్యాంపు గేట్లు సూర్యాస్తమయానికి మూసేస్తారు కాబట్టి టైమ్ చూసుకోకపోతే టెన్షన్. చిరుత, చీతా మాత్రం అదృష్టం మీదే.

తిండి విషయంలో కూడా తేడా ఉంది. చాలా ఫామ్‌లలో యజమానులతో కలిసి ఒకే బల్ల దగ్గర భోజనం, అందులో ఓరిక్స్, కుడు మాంసం మామూలు. శాకాహారులు బుకింగ్ రోజే చెప్పాలి, వెళ్లాక చెబితే బంగాళాదుంపలే దిక్కు. ఎటోషాలో క్యాంపు రెస్టారెంటు ఉంటుంది, సొంతంగా వండుకునే వీలున్న గదులూ ఉన్నాయి. ఆవకాయ అన్నం లేనిదే రోజు గడవని పెద్దవాళ్లు వెంట ఉంటే ఇదే సుఖం. దూరాలు, దుమ్ము రోడ్లు మాత్రం వాళ్లను అలసిపోయేలా చేస్తాయి. ఫామ్‌లో జీపు నడిపేది వేరేవాళ్లు.

దక్షిణాఫ్రికా వైపు ఇంకో రకం చోట్లున్నాయి: సింహం పిల్లను ఒళ్లో పెట్టి ఫోటో తీస్తామనేవి. వాటిని ఈ పోలికలోకే రానివ్వను. తల్లి నుంచి చిన్నప్పుడే లాగేసిన పిల్లలవి. మనుషులకు అలవాటుపడిన ఆ సింహం పెద్దయ్యాక అడవికి పనికిరాదు. ఫామ్‌కు మెయిల్ రాసేటప్పుడు రెండే అడగండి: జంతువుల పిల్లల్ని ముట్టుకోనిస్తారా, ఆ జంతువులు ఎక్కడి నుంచి వచ్చాయి? మొదటిదానికి అవునంటే వేరే ఫామ్ చూసుకోండి.

వారం రోజులుంటే రెండూ కలపండి. విండ్‌హుక్ నుంచి ఎటోషా వెళ్లే దారిలోనే ఒకొంజిమా, ఓచివరోంగో రెండూ తగులుతాయి, కాబట్టి ముందు ఫామ్, తర్వాత పార్క్. మే నుంచి అక్టోబర్ మధ్య వెళ్లండి. వానలు పడితే నీరు అంతటా దొరుకుతుంది, గడ్డి ఏపుగా పెరుగుతుంది, జంతువులు అంత తేలిగ్గా కనబడవు. జూన్, జూలైలో తెల్లవారుజామున ఓపెన్ జీపులో చలి గట్టిగా ఉంటుంది, స్వెటర్, మంకీ క్యాప్ సూట్‌కేసులో పైనే పెట్టుకోండి.