గుంటగలగరాకు పేరుతో గడ్డి చామంతి అంటగడుతున్నాడు, చూసుకోండి

ఇన్‌స్టాలో వనమూలికలు అమ్మే ఆ పేజీ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, రోజుకో రీల్ పెట్టి అడవి నుంచి నేరుగా మీ ఇంటికి అంటుంటాడే, వాడే. జుట్టు ఊడిపోతోందని మొత్తుకుంటుంటే అమ్మ తలనూనె కాస్తానంది, ఇక్కడ హైదరాబాద్‌లో పచ్చి ఆకు దొరక్క ఎండు గుంటగలగర ఆర్డర్ పెట్టా. అర కేజీ 450 రూపాయలు. మా ఊళ్లో వరిచేల గట్ల మీద, కాలవ ఒడ్డున కలుపు కింద పీకి పారేసే మొక్క అది. డబ్బులెక్కువయ్యాయి మరి నాకు!

కవర్ కత్తిరించగానే దూదిపింజల్లాంటి నూగు లేచి ఫ్యాన్ గాలికి హాలంతా పరుచుకుంది. అమ్మ ఒక కాడ తీసి చూసి "ఇది గుంటగలగర కాదే, మేం పలకలు తుడుచుకునే గడ్డి చామంతి" అంది. నిజమే, గుంటగలగర గింజకి నూగుండదు, పువ్వు రాలాక చిన్న చిన్న గింజలు గుత్తిగా ఉంటాయంతే. గాల్లో ఎగిరే కుచ్చు గడ్డి చామంతి గింజకే.

ఫోటోలు పంపిస్తే వాడి జవాబు చూడండి, "రెండూ చామంతి జాతే మేడమ్, నూనెలో మరిగాక అన్నీ ఒకటే". ఒకటేనంట! పొద్దుతిరుగుడు కూడా ఆ కుటుంబమే, ఈసారి అది పంపిస్తాడేమో. డబ్బులు వెనక్కివ్వమంటే "ఆకుల గురించి మాకు నేర్పుతారా, అంత తెలిస్తే మీరే కోసుకోండి" అని వాయిస్ మెసేజ్, వెనకాల ఎవరో పకపకా నవ్వడం, వెంటనే బ్లాక్. డబ్బులు పోతే పోయాయి గానీ ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండిపోతోంది.

గడ్డి చామంతి పనికిరాదని కాదు, దెబ్బ తగిలితే దాని పసరే పిండేవాళ్లు, గాయపాకు అనేది అందుకే. గుంటగలగర సంగతి వేరు. దాని పసర్లో గుడ్డ తడిపి ఆరబెట్టి ఆముదంతో వెలిగించి కాటుక పట్టేది మా అమ్మమ్మ. కామెర్లకి పరగడుపున పసరు తాగించేవాళ్లూ ఉన్నారు, వాళ్ల చేతికి ఈ ప్యాకెట్ వెళ్తే? కామెర్లైతే ముందు డాక్టర్ దగ్గరికెళ్లి రక్త పరీక్ష చేయించుకోండి బాబూ.

పొడి మాత్రం అస్సలు కొనకండి, ఏం దంచాడో బ్రహ్మకి కూడా తెలీదు. పచ్చిది దొరికితే కాడ నలపండి, గుంటగలగరైతే కాసేపటికి పసరు నల్లబడి వేళ్లకి అంటుకుంటుంది. ఎండుదే తెప్పించుకుంటే విప్పేటప్పుడు వీడియో తీయండి. మా తమ్ముడి అకౌంట్ నుంచి వాడి రీల్ కింద ఇదంతా రాశా, ఐదు నిమిషాల్లో డిలీట్ చేశాడు.