సఖి కేంద్రం: తల్లి వెంట వచ్చిన పిల్లలకు ఏం దొరుకుతుంది?

దెబ్బలు తట్టుకోలేక పిల్లలను తీసుకుని ఇల్లు దాటిన తల్లికి వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు ఎవరైనా ముందు చెప్పే పేరు సఖి. కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన వన్ స్టాప్ సెంటర్ పథకం ఇది. వైద్యం, పోలీసు సాయం, లాయరు, కౌన్సెలింగ్, కొన్ని రోజులు తలదాచుకునే చోటు, అన్నీ ఒక్కచోటే, పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. తల్లికి అందే సాయానికి ఐదుకు నాలుగు మార్కులు వేస్తాం. పిల్లలకు అందేదానికి రెండున్నరే. మిగిలింది తల్లే పూడ్చుకోవాలి. అది ఎట్లాగన్నదే ఇక్కడ రాస్తున్నాం.

మహిళా హెల్ప్‌లైన్ 181కు రాత్రైనా పగలైనా ఫోన్ చేయొచ్చు. భర్త అప్పుడే కొడుతుంటే మాత్రం నేరుగా పోలీసు అత్యవసర నంబరు 112కు చేయాలి. 181లో చాలామంది పెళ్లినాటి నుంచి చెప్పుకొస్తారు, అసలు విషయం వచ్చేసరికి ఫోన్ కట్ చేయాల్సి వస్తుంది. ఇప్పుడు ఎక్కడున్నారు, అతను దగ్గర్లో ఉన్నాడా, పిల్లలు ఎందరు, వాళ్ల వయసెంత, ఇవి మొదటి నిమిషంలోనే చెప్పేయాలి. మగపిల్లాడుంటే వాడినీ ఉండనిస్తారా అని ఫోన్‌లోనే అడగండి. ఆడపిల్లలకు ఏ వయసైనా ఇబ్బంది లేదు గానీ మగపిల్లలకు వయసు పరిమితి ఉంది. గేటు దాకా వచ్చాక పదమూడేళ్ల కొడుకును వేరేచోట ఉంచాలంటే ఏ తల్లయినా వెనక్కే తిరుగుతుంది.

సంచిలో పెట్టుకోవాల్సినవి: అందరి ఆధార్, రేషన్ కార్డు జిరాక్స్, పిల్లల పుట్టిన సర్టిఫికెట్, బడి బోనఫైడ్, బ్యాంకు పాసుబుక్, పెళ్లి ఫొటో, పాత ఆసుపత్రి చీటీలు. బీడీలు చుట్టేవాళ్లు బీడీ కార్డు, పీఎఫ్ కాగితాలు మరిచిపోవద్దు, రేపు సొంతంగా బతకడానికి అవే ఆధారం. అసలు కాగితాలు తీయలేని ఇల్లయితే ఫొటోలు తీసి అక్కచెల్లెలికో సంఘంలో నమ్మకమైన మనిషికో పంపి, మీ ఫోన్‌లో తుడిచేయండి. పిల్ల రోజూ పక్కలో పెట్టుకుని పడుకునే దుప్పటో బొమ్మో కూడా సంచిలో పడాలి. కొత్తచోట మొదటి రాత్రి నిద్ర పట్టాలంటే అది కావాలి.

కేంద్రంలో ఉండటానికి గడువు ఐదు రోజులు. ఆ తర్వాత శక్తి సదన్ లాంటి హోమ్‌కో తల్లిగారింటికో పోవాలి. ఎక్కువమంది ఇక్కడే చేసే పొరపాటు, పిల్లల పాత బడి టీసీ (బదిలీ సర్టిఫికెట్) కోసం ఆ ఊరికి పోయి అతని కంటపడటం. ఎనిమిదో తరగతి దాకా టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదని 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. ముందు బడిలో కూర్చోబెట్టండి, టీసీ వెనక వస్తుంది.

గృహహింస చట్టం కింద రాసే నివేదికను అందరూ డీఐఆర్ అంటారు. తల్లి ఒంటిమీద దెబ్బలన్నీ అందులోకి ఎక్కుతాయి, పిల్లల దగ్గరికొచ్చేసరికి పేరు, వయసుతో ఆగిపోతుంది. పిల్లల ముందు కొట్టాడా, పిల్లలను కొట్టాడా, బడికి పోనీయలేదా, ఫీజు పైసలు తాగాడా, తేదీలు గుర్తున్నంతవరకు చెప్పి రాయించండి. సంతకం పెట్టేముందు చదివి వినిపించమని అడగండి. పిల్లకు దెబ్బ తగిలితే వరంగల్ ఎంజీఎం లాంటి ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ పిల్ల పేరు మీద వేరే ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు పనికొచ్చే వైద్య నివేదిక) రాయించాలి. కోర్టు దరఖాస్తులో ఇదే చట్టం 18వ సెక్షన్ రక్షణతో పాటు 21వ సెక్షన్ కింద పిల్లల తాత్కాలిక కస్టడీ కూడా అడగాలి. లేకపోతే అతను బడి దగ్గర పిల్లను ఎత్తుకుపోయినా చేతిలో కాగితం ఉండదు. అతను బడి వైపు రాకుండా ఆపమనాలంటే బడి పేరు దరఖాస్తులో ఉండాలి. లాయరుకు ఖర్చు లేదు. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు, పిల్లలకు ఉచిత న్యాయసాయం హక్కు, నంబరు 15100.

ఇక రెండున్నర మార్కులు ఎందుకు తగ్గాయంటే, కౌన్సెలింగ్ గది బయట బెంచీ మీద కూర్చున్న ఆరేళ్ల పిల్లను చూడండి. చెప్పులు విప్పదు, బిస్కెట్ ఇస్తే పట్టుకుంటుంది గానీ తినదు, తలుపు చప్పుడైతే భుజాలు దగ్గరికి ముడుచుకుంటుంది. లోపల తల్లికి గంటసేపు సమయం ఇస్తారు. పిల్లను మాత్రం "అమ్మ కావాలా, నాయిన కావాలా" అని అడుగుతారు. ఆ ప్రశ్న ఎవరడిగినా ఆపండి. భర్తతో రాజీ మాటలు జరిగేటప్పుడు పిల్ల ఆ గదిలో ఉండొద్దని గట్టిగా చెప్పండి, అది మీ హక్కు.

ఆ వయసు పిల్ల, గొడవకు కారణం తానేననుకుంటుంది. పాలు ఒలకబోసినందుకే నాయిన కొట్టిండని లెక్క కట్టుకుంటుంది. తల్లి నోటితో వినేదాకా ఆ లెక్క పోదు: "నీ వల్ల కాదు బిడ్డా. కొట్టుడు తప్పు. ఏం జేయాల్నో నేను చూసుకుంట, నువ్వు అడ్డం రావొద్దు." ఇది ఒక్కసారి చెప్పి వదిలేస్తే చాలదు, పడుకునే ముందు చాలా రాత్రులు చెప్పాలి. నాయిన మనిషే కాదని తిట్టొద్దు. పిల్లకు అతని మీద ప్రేమ కూడా ఉంటుంది, దాన్ని దాచుకోవాల్సి వస్తే తల్లి దగ్గర కూడా నోరు మెదపదు. చేసిన పని తప్పంటే చాలు. కొడుకు కోపంగా గిన్నె విసిరితే "అచ్చం మీ నాయిన లెక్కనే తయారైనవ్" అన్న మాట అస్సలు రాకూడదు. వాడు అదే నిజమని నమ్ముతాడు. పెద్దబిడ్డకు తన బాధంతా చెప్పుకునే తల్లులు ఎక్కువ. ఆ బరువు పన్నెండేళ్ల పిల్లది కాదు, చెల్లెతోనో మానసిక సాయం ఇచ్చే ఫోన్ లైన్ టెలిమానస్ 14416లోనో చెప్పుకోండి. భర్త దెబ్బ తిన్న చెయ్యే పిల్ల వీపు మీద పడుతుంటే కౌన్సెలర్‌కు దాచకుండా చెప్పండి. సిగ్గుపడాల్సిన పని లేదు, దానికీ సాయం ఉంది.

పెద్దమనుషుల పంచాయితీ తర్వాత తిరిగి ఇంటికే పోవాల్సి వచ్చిందనుకోండి, కేంద్రం ఫైలు మూయొద్దని అడిగి, కౌన్సెలర్‌తో కూర్చుని ఇంటికి ఒక ఉపాయం కుదుర్చుకోండి. అరుపులు మొదలైతే వంటింట్లోకి పోవద్దు, కత్తిపీట, గ్యాసు అక్కడే ఉంటాయి. వాకిలి వైపే ఉండాలి. పిల్లకు చైల్డ్‌లైన్ నంబరు 1098 నోటికి రావాలి. "పెద్దమ్మ దగ్గర చింతపండు తేపో" అంటే చెప్పుల కోసం ఆగకుండా చిన్నోణ్ణి పట్టుకుని పక్కింటికి పోవాలని ముందే నేర్పండి. ఆ పెద్దమ్మకూ చెప్పి ఉంచండి: పిల్లలు చింతపండు అడిగితే లోపలికి తీసుకుని గడియ పెట్టాలి, 112కు ఫోన్ చేయాలి, వాళ్ల అమ్మే స్వయంగా వచ్చి పిలిచేదాకా పంపొద్దు.