కురుసుర దిక్సూచి అంటే నమ్మి కొనకండి

నిన్న సాయంత్రం 2,800 రూపాయలు సముద్రంలో పోసి వచ్చాను. ఇంకా ఒళ్లు మండుతోంది. విశాఖ బీచ్ రోడ్డులో పాత ఓడ సామాన్లు అమ్మే పెద్దమనిషి మీలో చాలామందికి తెలిసే ఉంటాడు. అతనే.

పిల్లలకు కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూపించి బయటికి వచ్చాం. (మ్యూజియానికి దీనితో ఏ సంబంధమూ లేదు. లోపల మాకు చూపించిన మాజీ నావికుడు ఎంత ఓపికగా చెప్పారో!) ఇతను ఎర్ర మఖమల్ గుడ్డలోంచి ఇత్తడి దిక్సూచి తీసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "2001లో సబ్‌మెరైన్ రిటైరైనప్పుడు లోపలి నుంచి వచ్చింది సార్. ఇదొక్కటే మిగిలింది" అన్నాడు. మూత మీద లండన్, 1885 అని చెక్కి ఉంది. కురుసురను కట్టింది సోవియట్ యూనియన్‌లోననీ, 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరిందనీ పావుగంట ముందే ఈ చెవులతో విన్నాను. అయినా ఫోను తీసి డబ్బు పంపాను. చరిత్ర అంటే నాకు అంత భక్తి మరి.

బసకు వెళ్లాక మా అత్తగారు చింతపండుతో ఒక్కసారి తోమారు. పసుపు పూత లేచిపోయి ఇనుప రేకు బయటపడింది. పొద్దున్నే బీచ్‌లో పట్టుకుంటే, ఉత్తరం అంటూ సూర్యుడు లేస్తున్న వైపు చూపించింది. ఇనుప డబ్బాలో సూది అలాగే తిరుగుతుందనీ, 91 మీటర్ల ఆ ఉక్కు గొట్టంలో అందుకే జైరో దిక్సూచి (అయస్కాంతం లేకుండా, గిర్రున తిరిగే చక్రంతో ఉత్తరం చూపేది) వాడతారనీ మా పెద్దవాడు చెప్పాడు. వాడికి పన్నెండేళ్లు. నిన్న ఎందుకు చెప్పలేదురా అంటే, నువ్వు అడగలేదుగా అన్నాడు.

తిరిగి ఇవ్వడానికి వెళ్లాను. అతను అరవలేదు, కాదనలేదు. బల్ల కింది నుంచి అట్టపెట్టె లాగి నా ముందు పెట్టాడు. నిండా అవే దిక్సూచులు, ఒక్కొక్కటీ ప్లాస్టిక్ సంచిలో, అన్నింటి మీదా లండన్, 1885. "నచ్చకపోతే ఇంకొకటి ఏరుకోండి సార్" అన్నాడు, వంకాయలు ఏరుకోమన్నట్టు.

"ఒక్కటే మిగిలిందన్నారు కదా?"

"అది నిన్న సార్."

పక్కన టీ తాగుతున్నవాళ్లు నవ్వారు. డబ్బు నాది కాకపోతే నేనూ నవ్వేవాణ్ణే.

వాపసు లేదట. బిల్లు అడగకపోవడం నా తప్పు, మీరు అడగండి. ఇత్తడి అంటే ముందు అయస్కాంతం పెట్టి చూడండి. కురుసుర మాత్రం తప్పకుండా చూడండి, సోమవారం సెలవు.