'కొత్త క్యామో స్కోప్' కాంబోకి డబ్బులు కొట్టేముందు ఇది చదవండి

ఎవరి గురించి చెప్తున్నానో ఎయిర్ గన్ గ్రూపుల్లో ఉన్నవాళ్లకి తెలుసు. పేరు రాయను. వారానికోసారి "కొత్త ప్యాటర్న్ దిగింది, ఆరు పీసులే" అని ఫొటోలు పెడతాడు చూడండి, ఆ మహానుభావుడే. 3-9×40 స్కోపు (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 40 మి.మీ.), దాన్ని రైఫిల్‌కి బిగించే మౌంటు రింగులు, స్టాకుకి (భుజానికి ఆనించే భాగానికి) చుట్టే క్యామో టేపు, అంటే పొదల్లో కలిసిపోయే మచ్చల టేపు, అన్నీ కలిపి 11,800. శుక్రవారం యూపీఐ కొట్టాను, మంగళవారం కొరియర్ వచ్చింది, బుధవారం స్కోపు చచ్చింది. సరిగ్గా 37వ పెల్లెట్‌కి.

నాది స్ప్రింగర్, అంటే స్ప్రింగు పిస్టన్‌ని తోసే ఎయిర్ రైఫిల్. కొనేముందు టెలిగ్రామ్‌లో ఒక్కటే అడిగాను: "స్ప్రింగర్ మీద ఆగుతుందా?"

"అన్నా, పాయింట్ 308 మీద పెట్టి కొట్టినా కదల్లేదు. మీ గాలి తుపాకీ ఒక లెక్కా?"

ఆ మాటకే చాట్ మూసేయాల్సింది. ఫొటోలో ప్యాటర్న్ చూసి మెదడు పక్కన పెట్టాను. అతను చెప్పింది నిజమే అయినా సరే, నా ప్రశ్నకి అది జవాబు కాదు. పాయింట్ 308 అంటే మందుగుండు పెద్ద రైఫిల్, గట్టిగా తంతుంది, కానీ ఒక్క వైపే, వెనక్కి. మామూలు స్కోపుల్లో అద్దాలు, రెటికిల్ (గురి చూసే క్రాస్‌హెయిర్ గీతలు) ఆ ఒక్క దెబ్బని లెక్కేసుకునే బిగిస్తారు. స్ప్రింగర్ దారి వేరు. ట్రిగ్గర్ నొక్కగానే బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిల్ వెనక్కి జరుగుతుంది. సిలిండర్ చివర నలిగిన గాలికి కొట్టుకుని ఆ పిస్టన్ టక్కున ఆగుతుంది, రైఫిల్ ముందుకు గుంజుకుంటుంది. వెనక్కి ఒకటి, వెంటనే ముందుకి ఒకటి. ఈ రెండో దెబ్బే పెద్ద రైఫిల్ స్కోపుల్ని చంపేది. పెట్టె మీద "షాక్ ప్రూఫ్" అని ఎంత లావు అక్షరాల్లో ఉన్నా దండగ, "ఎయిర్ గన్ రేటెడ్" లేదా "స్ప్రింగర్ రేటెడ్" అని విడిగా ఉండాలి. పీసీపీ (ముందే గాలి నింపి పెట్టుకునే రైఫిల్) వాళ్లకి ఈ బాధ లేదు, దానికి తన్నడమే దాదాపు ఉండదు. ఇదే స్కోపుని పీసీపీ వాడు కొని "సూపర్ బ్రో" అని రివ్యూ పెడితే అదీ నిజమే. నమ్మి స్ప్రింగర్ వాడు మునుగుతాడు.

చావడం కూడా ఒక్కసారిగా కాదు. ఇరవై పెల్లెట్లకి గ్రూపు, అంటే టార్గెట్ మీద రంధ్రాల గుంపు, అర అంగుళం పక్కకి జరిగింది. మౌంటు వదులైందేమోనని స్క్రూలు బిగించాను. ముప్పై దాటాక క్రాస్‌హెయిర్ గడియారంలో ఒంటిగంట ముల్లులా వాలింది. ఆ తర్వాత ఊపితే లోపల గలగల.

అప్పుడు ఫోన్ చేశాను. ఇక్కడే అసలు కథ. స్కోపు మీద క్యామో టేపు వాళ్లే చుట్టి పంపుతారు. "ఫ్యాక్టరీ ఫినిష్ అన్నా, కదపొద్దు" అని ముందే చెప్పాడు. రెటికిల్ తిరిగాక ఏమైందో చూద్దామని విప్పాను. ఫోన్‌లో అతని మొదటి ప్రశ్న స్కోపుకి ఏమైందని కాదు.

"టేపు విప్పారా?"

"విప్పాను."

"అయితే వారంటీ పోయినట్టే సార్. అది సీలు."

అప్పటిదాకా "అన్నా", అప్పట్నుంచి "సార్". మాట్లాడుతుండగానే పెట్టేశాడు. చాట్ తెరిస్తే 308 గురించి పంపిన మెసేజ్ మాయం. టెలిగ్రామ్‌లో ఎప్పటి మెసేజ్ అయినా రెండు వైపులా చెరిపేయొచ్చు, అది అతనికి బాగా తెలుసు. స్క్రీన్‌షాట్ తియ్యని తెలివి నాది.

ఇంతకీ ఆ 'సీలు' కింద ఏముందంటే: ట్యూబ్ మీద పాత రింగుల గాట్లు రెండు చోట్ల. అంటే ఇంకెవరి రైఫిల్ మీదో బతికి, తిరిగొచ్చిన సరుకు. సీరియల్ నంబర్ ఉండాల్సిన చోట గీకేసిన మచ్చ. టార్గెట్ దూరానికి తగ్గట్టు సర్దుకోవడానికి ముందు అద్దం చుట్టూ ఉండాల్సిన ఏఓ (అడ్జస్టబుల్ ఆబ్జెక్టివ్) రింగు అసలు లేనే లేదు. యాడ్‌లో మాత్రం "3-9×40 ఏఓ". పైన పటారం, లోన లొటారం. క్యామో అంటేనే దాచడం కదా, పాపం ఆ మాటకి న్యాయం చేశాడు.

ఏఓ లేకపోతే ఏం కొంప మునుగుతుందని అడిగేవాళ్ల కోసం. పెద్ద రైఫిల్ స్కోపుల్లో పారలాక్స్, అంటే కన్ను జరిగినా క్రాస్‌హెయిర్ కదలకుండా ఉండే దూరం సెట్టింగు, సాధారణంగా 100 గజాలకి, అంటే 91 మీటర్లకి, ఫిక్స్ చేసి వస్తుంది. మనం కొట్టేది 10 మీటర్లు, మహా అయితే 25. బొమ్మ మసకగా కనిపించడం చిన్న బాధ. కన్ను కాస్త పక్కకి జరిగితే క్రాస్‌హెయిర్ కూడా టార్గెట్ మీద జరగడం పెద్ద బాధ. 40 మి.మీ. అద్దం, 91 మీటర్ల సెట్టింగు, 10 మీటర్ల టార్గెట్ లెక్క కడితే తప్పు దాదాపు 18 మి.మీ. దాకా వెళ్తుంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో బయటి వలయం వ్యాసమే 45.5 మి.మీ. అంటే చెయ్యి వణక్కపోయినా, తల జరిగితే చాలు, పది కొట్టబోయి రెండో మూడో కొడతాం. (పోటీ షూటర్లు నవ్వుకోవచ్చు. వాళ్ల 10 మీటర్ల పోటీల్లో టెలిస్కోపుకి అనుమతే లేదు, ఈ గోలే లేదు.) పరీక్ష తేలిక: రైఫిల్‌ని ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టి, ముట్టుకోకుండా తల అటూ ఇటూ ఆడించి చూడండి. క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద ఈదితే ఆ స్కోపు మన దూరాలకి పనికిరాదు. కొనాల్సింది 10 గజాల దాకా దిగే ఏఓ, లేదా సైడ్ ఫోకస్ (అదే పని పక్కనున్న నాబ్‌తో చేసేది).

రింగులదీ అదే తంతు. మన ఎయిర్ రైఫిళ్లలో ఎక్కువ వాటికి స్కోపు బిగించే రైలు 11 మి.మీ. డవ్‌టెయిల్ (సన్నటి వాలు గాడి) ఉంటుంది. ఇతను పంపినవి పికాటిన్నీ (వేరే రకం వెడల్పు రైలు) రింగులు, కింద ఓ నాసిరకం అడాప్టర్. స్టాప్ పిన్ లేదు. స్ప్రింగర్ ముందుకు గుంజినప్పుడల్లా మౌంటు రవ్వంత వెనక్కి జారుతుంది, యాభై షాట్లకి అది కంటికి కనిపించేంత అవుతుంది. వెనక రింగులో చిన్న పిన్ ఉండి, రైలు మీది రంధ్రంలో కూర్చోవాలి. లేకపోతే స్క్రూలు ఎంత బిగించినా జారుడే, పైగా బిగింపుకి ట్యూబ్ నొక్కుకుపోతుంది. రింగుల పై స్క్రూలకి 15 నుంచి 18 ఇంచ్-పౌండ్ల బిగింపు చాలు.

ఇంక ఆ టేపు. మంచి క్యామో టేపు తనకి తానే అంటుకుంటుంది, తుపాకీకి కాదు. విప్పితే శుభ్రంగా వస్తుంది, మళ్లీ చుట్టొచ్చు. ఇతనిది జిగురు టేపు. మన ఎండకి కారులో రెండు గంటలుంటే జిగురు కరిగి స్టాకు మీద పాకంలా పడుతుంది. కిరోసిన్ గుడ్డతో గంటసేపు తుడిచాను.

పైగా దాన్ని "ఆర్మీ కొత్త ప్యాటర్న్" అని అమ్ముతున్నాడు. 2022 జనవరి 15న ఆర్మీ డే పరేడ్‌లో చూపించిన ఆ డిజిటల్ ప్యాటర్న్ నిఫ్ట్ (ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ)తో కలిసి చేయించినది, డిజైన్ హక్కులు సైన్యం పేరిట రిజిస్టర్ అయి ఉన్నాయి. అనుమతి లేకుండా అచ్చేసి అమ్మడం కుదరదు. నిజంగా అదే అయితే అమ్మడం తప్పు, కాకపోతే చెప్పింది అబద్ధం. ఎలా చూసినా కొనక్కర్లేదు.

సరే, కొనేవాళ్లు కనీసం ఇవి చెయ్యండి. టేపు లేని స్కోపుని వీడియో కాల్‌లో చూపించమనండి, నాలుగు వైపులా, సీరియల్ నంబర్‌తో సహా. "స్ప్రింగర్ రేటెడ్" అనే మాట జీఎస్టీ బిల్లు మీదే రాయించండి. పార్సిల్ విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి. వచ్చిన రోజే 10 మీటర్ల దగ్గర బాక్స్ టెస్ట్: ఒకటి కొట్టి, స్కోపు మీది గురి సర్దే నాబ్‌లు 40 క్లిక్కులు పైకి, 40 కుడికి, 40 కిందికి, 40 ఎడమకి, ఒక్కో మలుపులో ఒకటి. ఒక్కో క్లిక్కుకి పావు ఎంఓఏ (గురి కోణం కొలత) జరిగే స్కోపులో 40 క్లిక్కులంటే 29 మి.మీ. చివరిది మొదటి రంధ్రం దగ్గరికి రాకపోతే వెంటనే తిప్పి పంపండి. మోసపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, ఆన్‌లైన్‌లో డబ్బు పోతే 1930. నేను రెండింటికీ చేశాను.

ఎవరి దగ్గరైనా స్టాప్ పిన్ ఉన్న 11 మి.మీ. రింగులు, ఒక అంగుళం ట్యూబ్‌వి, మిగిలుంటే చెప్పండి, కొంటాను. వీడియో కాల్ తర్వాతే.