కాలేయానికి స్పైరులినానా, క్లోరెల్లానా?

రెండూ పచ్చని పొడులే. స్పైరులినా నిజానికి నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా, క్లోరెల్లా అసలైన ఆకుపచ్చ నాచు.

స్పైరులినా బలం ఫైకోసయనిన్ అనే నీలి వర్ణకం. కాలేయ కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను ఇది అణచడం ఎలుకల మీద ప్రయోగాల్లో కనిపించింది. దీనికి వేడి పడదు, 60 డిగ్రీలు దాటితే త్వరగా చెడిపోతుంది. పప్పులో వేసి ఉడికించడం దండగ. చల్లని మజ్జిగలో కలుపుకోండి.

క్లోరెల్లా కణాల గోడ గట్టిది, మనకు సరిగా అరగదు. గోడ పగలగొట్టిన రకమని లేబుల్ మీద ఉంటేనే కొనండి. ఫ్యాటీ లివర్ ఉన్నవారికి రోజుకు 1,200 మిల్లీగ్రాములు 8 వారాలు ఇచ్చి చూసిన చిన్న పరీక్షలున్నాయి. ఆశ కలిగించేవే, కానీ మందు మానేయడానికి చాలవు. ఇందులో విటమిన్ కె ఉంటుంది కాబట్టి రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ మందు వాడేవారు ముందు డాక్టరును అడగాలి.

అసలు జాగ్రత్త స్పైరులినా దగ్గరే. పెంచే తొట్టెల్లోకి వేరే జాతి నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా చేరితే మైక్రోసిస్టిన్ రావచ్చు. అది నేరుగా కాలేయాన్నే దెబ్బతీసే విషం. బ్యాచ్‌వారీగా ఆ పరీక్ష ఫలితం చూపని డబ్బా ఎంత చవకైనా వద్దు. ఫలితం చూపిస్తే స్పైరులినానే మేలు, లేదంటే క్లోరెల్లా మాత్రలు.